ఇంటి కాపలాకు కెమెరాలు, రికార్డర్: ఎంపిక వెనక లెక్కలు

సీసీ కెమెరాల దుకాణంలో ముందుగా వినిపించే మాట మెగాపిక్సెల్. రెండు కన్నా ఐదు మేలు, ఐదు కన్నా ఎనిమిది మేలు అన్నట్టు ధరల పట్టిక కూడా అదే వరసలో సాగుతుంది. దొంగతనం జరిగిన మర్నాడు పోలీసులు అడిగేది వేరు: గేటు తీసుకుని లోపలికి వచ్చినవాడి ముఖం తెలుస్తోందా? ఆ ముఖం ఎన్ని పిక్సెళ్ల మీద పరుచుకుంది, దాని మీద ఎంత వెలుగు పడింది, ఆ దృశ్యం చెరిగిపోకుండా ఎన్నాళ్లు నిలిచింది అన్న మూడింటికీ ముందే లెక్క కట్టుకుంటే లెన్సు, కెమెరా, రికార్డర్, హార్డ్ డిస్కు ఏవి కావాలో చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

లెక్కకు ఒక ఇల్లు కావాలి కాబట్టి తెలుగు పట్టణాల్లో ఎక్కడైనా కనిపించే 200 గజాల స్థలాన్ని తీసుకోవచ్చు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, తూర్పు ముఖం. ముందు గేటు, పోర్టికో. ఒక పక్క మనిషి పట్టేంత సందు, వెనక వంటింటి తలుపు, బయటి నుంచే డాబా మీదికి మెట్లు. పోర్టికో గోడ నుంచి గేటుకు దూరం ఐదు మీటర్లు.

మీటరుకు ఎన్ని పిక్సెళ్లు

నిఘా కెమెరాలకు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ రూపొందించిన ఐఈసీ 62676-4 ప్రమాణం ఒక మంచి కొలబద్ద ఇచ్చింది. దృశ్యంలో ఒక మీటరు వెడల్పు మీద 25 పిక్సెళ్లు పడితే అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది. 62 పడితే ఒంటి మీది దుస్తులు, నడక తీరు తెలుస్తాయి. 125 పడితే తెలిసిన మనిషిని పోల్చుకోవచ్చు. ముక్కూ మొహం తెలియని కొత్తవాణ్ణి కూడా ఫలానా అని నిర్ధారించాలంటే 250 కావాలి. మనిషి ముఖం వెడల్పు సుమారు 16 సెంటీమీటర్లు. అంటే 250 లెక్కన ఆ ముఖానికి దక్కేది 40 పిక్సెళ్లే. అంతకు తగ్గితే దాన్ని ఎంత పెద్దది చేసి చూసినా లేని వివరం పుట్టుకురాదు. సినిమాల్లో మీట నొక్కగానే మసక బొమ్మ తేటపడడం కథ కోసం చేసిన కల్పన.

మీటరుకు ఎన్ని పిక్సెళ్లు పడతాయో చెప్పే సూత్రం హైస్కూలు భౌతికశాస్త్రంలో ఉన్నదే. కెమెరాకు కనిపించే దృశ్యపు వెడల్పు కావాలంటే దూరాన్ని సెన్సర్ వెడల్పుతో గుణించి, లెన్సు నాభ్యంతరంతో భాగించాలి. ఇళ్లకు వాడే రెండు మెగాపిక్సెళ్ల కెమెరాల్లో సెన్సర్ వెడల్పు తరచుగా 5.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అడ్డంగా 1920 పిక్సెళ్లు. దుకాణాల్లో ఎక్కువగా దొరికే లెన్సు 2.8 మిల్లీమీటర్లది. ఐదు మీటర్ల దూరంలోని గేటు దగ్గర దానికి పది మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. ఇంటి ముందు భాగం 30 అడుగులూ, అంటే తొమ్మిది మీటర్లకు కాస్త పైన, మొత్తం బొమ్మలోకి వచ్చేస్తుంది. యజమానికి టీవీ తెర మీద చూసుకోవడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మీటరుకు పడేది 192 పిక్సెళ్లే. పక్కింటివాళ్లను పోల్చుకోవచ్చు, కొత్తవాణ్ణి నిర్ధారించలేం. అదే చోట 4 మిల్లీమీటర్ల లెన్సు పెడితే వెడల్పు ఏడు మీటర్లకు తగ్గి, మీటరుకు 274 పిక్సెళ్లు పడతాయి. గోడ చివర్లు తెరలోంచి పోయినా గేటు దగ్గర ముఖం దక్కుతుంది.

ఒకే కెమెరాతో విశాలమైన చూపూ, స్పష్టమైన ముఖమూ రెండూ కావాలనుకోవడమే ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు. దారి పొడవునా ఎవరు ఎటు నడిచారో చూపడానికి ఒకటి, తప్పక దాటాల్సిన ఇరుకు చోట ముఖం పట్టడానికి ఇంకొకటి అని పని పంచాలి. ఇంట్లోకి రావాలంటే గేటో, మెట్ల మొదలో, వంటింటి తలుపో దాటక తప్పదు. అలాంటి చోట్లు నాలుగే ఉంటే కెమెరాలూ నాలుగు చాలు. ఎనిమిది పెట్టినా ఆ నాలుగు చోట్లా ముఖం అందకపోతే ఫలితం లేదు. పక్క సందు సన్నగా, పొడవుగా ఉంటుంది కాబట్టి అక్కడ 6 మిల్లీమీటర్ల లెన్సు నప్పుతుంది. కెమెరాను తొంభై డిగ్రీలు తిప్పి బిగించి, సెట్టింగుల్లో నిలువు దృశ్యాన్ని ఎంచుకుంటే రెండు వైపుల గోడల మీద పిక్సెళ్లు వృథా కావు.

రోడ్డు మీద ఆగిన బండి నంబరు ప్లేటు కూడా గేటు కెమెరాయే చదవాలని ఆశించకూడదు. పన్నెండు మీటర్ల దూరానికి 4 మిల్లీమీటర్ల లెన్సు ఇచ్చేది మీటరుకు 114 పిక్సెళ్లే. పైగా రాత్రి హెడ్‌లైటు కాంతిలో ప్లేటు తెల్లగా కరిగిపోతుంది. నంబరు కావాలంటే ఆ పనికే పొడవైన నాభ్యంతరం, వేగమైన షట్టరు ఉన్న వేరే కెమెరా పెట్టుకోవాలి.

చీకటి పరీక్ష

పైన చెప్పినవన్నీ పగటి లెక్కలు. రాత్రి వచ్చేసరికి మెగాపిక్సెళ్ల మహిమ సగానికి సగం పోతుంది. కారణం సెన్సర్‌లోనే ఉంది. 5.6 మిల్లీమీటర్ల వెడల్పులో 1920 పిక్సెళ్లు పేరిస్తే ఒక్కోదాని వెడల్పు 2.9 మైక్రాన్లు. అదే వెడల్పులో ఎనిమిది మెగాపిక్సెళ్ల కెమెరాకు కావలసిన 3840 పిక్సెళ్లు ఇరికిస్తే ఒక్కోటీ 1.45 మైక్రాన్లకు కుంచించుకుపోతుంది. వెడల్పు సగమైతే వైశాల్యం నాలుగో వంతు. ఒక్కో పిక్సెల్ మీద పడే వెలుగు కూడా నాలుగో వంతే. అందుకే చిన్న సెన్సర్ మీద పెద్ద మెగాపిక్సెల్ సంఖ్య పగలు మెరిసి, రాత్రి గింజలు గింజలుగా చిట్లుతుంది. ఎక్కువ పిక్సెళ్లు నిజంగా కావాలంటే 1/1.8 అంగుళాల వంటి పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా వెతకాలి. ధర పెరుగుతుంది, కానీ ఆ డబ్బు సద్వినియోగమే. బడ్జెట్ తక్కువైతే మంచి సెన్సర్ మీద రెండో నాలుగో మెగాపిక్సెళ్లు ఉన్న కెమెరాయే ఇంటికి నమ్మకమైనది.

లెన్సు ద్వారం కూడా చూడాలి. ఎఫ్1.6 అని రాసి ఉన్న లెన్సు కన్నా ఎఫ్1.0 లెన్సు రెండున్నర రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి పంపుతుంది. ఇక్కడ సంఖ్య చిన్నదైతే ద్వారం పెద్దదని అర్థం.

చీకటి పడగానే చాలా కెమెరాలు టక్కుమని చిన్న చప్పుడు చేస్తాయి. పగలు రంగులు సరిగా రావడానికి సెన్సర్ ముందు అడ్డుగా ఉండే పరారుణ వడపోత పక్కకు తొలగిన శబ్దం అది. ఆ వెంటనే చుట్టూ ఉన్న ఎల్‌ఈడీలు వెలిగి, కంటికి కనిపించని పరారుణ కాంతిని వెదజల్లుతాయి. దృశ్యం నలుపు తెలుపుల్లోకి మారుతుంది. 850 నానోమీటర్ల ఎల్‌ఈడీలు దగ్గర నుంచి చూస్తే సన్నని ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయి. 940 నానోమీటర్లవి అసలు కనిపించవు. కానీ ఆ తరంగదైర్ఘ్యం దగ్గర సిలికాన్ సెన్సర్ చురుకుదనం బాగా తగ్గుతుంది కాబట్టి చూపు దూరం పడిపోతుంది. ఇంటి బయటికి మొదటి రకమే మేలు. అట్టపెట్టె మీద ‘30 మీటర్లు’ అని రాసి ఉంటే అంత దూరంలో ఏదో ఆకారం కదిలినట్టు తెలుస్తుందని మాత్రమే అనుకోవాలి. వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 15 మీటర్ల దగ్గర పడే కాంతిలో నాలుగో వంతే 30 మీటర్ల దగ్గర పడుతుంది.

నిశ్చల చిత్రం చూసి కెమెరాను మెచ్చుకోవడం వల్ల బయటపడని లోపం ఇంకొకటి ఉంది. వెలుగు చాలనప్పుడు కెమెరా షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనులో 25వ వంతు తెరిచి ఉంచిందనుకుంటే, మామూలుగా నడిచే మనిషి ఆ కాసేపట్లో ఆరు సెంటీమీటర్లు కదులుతాడు. మీటరుకు 250 పిక్సెళ్ల లెక్కన అది 15 పిక్సెళ్ల అలుకుడు. నలభై పిక్సెళ్ల ముఖంలో పదిహేను అలుక్కుపోతే మిగిలేది నీడే. పరుగెత్తేవాడి సంగతి చెప్పనక్కర్లేదు. అందువల్ల దుకాణంలో గానీ, ఇంట్లో బిగించిన తర్వాత గానీ, లైట్లు ఆర్పి ఒక మనిషిని గేటు నుంచి నడిపించి, రికార్డయిన దృశ్యాన్ని ఆపి ముఖం చూడాలి. ఇంతకు మించిన పరీక్ష లేదు. షట్టరు 1/100 సెకను దగ్గర స్థిరపరిచినా ముఖం తెలుస్తుంటే ఆ కెమెరా నిజంగా పనికొచ్చేది. తెలియకపోతే ఖరీదైన కెమెరాకు మారే ముందు గేటు దగ్గర ఒక ఎల్‌ఈడీ బల్బు వెలిగించి చూడాలి. పోర్టికోలో తెల్లవార్లూ వెలిగే తొమ్మిది వాట్ల బల్బు చేసే మేలు చాలా ఎక్కువ.

రాత్రి కూడా రంగుల్లో చూపే కెమెరాలు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. పెద్ద ద్వారమున్న లెన్సు, దానికి తోడు తెల్లటి దీపం. చొక్కా రంగు, బండి రంగు తెలియడం దర్యాప్తుకు పెద్ద సాయం. వానాకాలం తొలి రోజుల్లో ఉసిళ్లు ఆ దీపం చుట్టూ మూగి బొమ్మను కప్పేస్తాయన్నది ఒక్కటే చిక్కు. పరారుణ కెమెరాకు సాలెగూళ్లు అలాంటి చిక్కు. లెన్సు ముందు ఒక్క పోగు వేలాడినా రాత్రి తెల్లటి తాడులా మెరుస్తుంది. ఏ కెమెరా అయినా నెలకోసారి మెత్తటి గుడ్డతో తుడవక తప్పదు.

తూర్పు ముఖం ఇంటికి పగలు కూడా ఒక గండం ఉంది. పోర్టికో నుంచి గేటు వైపు చూసే కెమెరా కళ్లలోకి ఉదయపు ఎండ నేరుగా కొడుతుంది. గేటు దగ్గర నిలబడ్డ మనిషి నల్లటి బొమ్మ అయిపోతాడు. పడమటి ముఖం ఇంటికి ఇదే సాయంత్రం జరుగుతుంది. ఇందుకు విరుగుడు డబ్ల్యూడీఆర్ అనే పద్ధతి. కెమెరా ఒకే దృశ్యాన్ని తక్కువ సేపు, ఎక్కువ సేపు తెరిచి తీసి, రెండింటినీ కలుపుతుంది. 120 డెసిబెల్స్ అని రాసి ఉంటే దృశ్యంలో అతి వెలుగుకూ అతి చీకటికీ మధ్య పది లక్షల రెట్ల తేడా ఉన్నా పట్టగలదని అర్థం. ముందు ‘డి’ చేర్చి డీడబ్ల్యూడీఆర్ అని రాసి ఉంటే అది తీసిన బొమ్మను తర్వాత సాఫ్ట్‌వేర్‌తో సరిచేయడమే తప్ప, సెన్సర్ శక్తి కాదు. గేటు కెమెరాకు అది చాలదు.

ఎత్తు, ఆకారం

దొంగ చేతికి అందకూడదని కెమెరాను రెండో అంతస్తు పిట్టగోడకు బిగిస్తారు. ఆరు మీటర్ల ఎత్తు నుంచి ఐదు మీటర్ల దూరంలోని మనిషిని చూస్తే చూపు నలభై డిగ్రీలకు పైగా కిందికి వాలుతుంది. కనిపించేది నడినెత్తి, టోపీ. అదే మూడు మీటర్ల ఎత్తులో పెడితే వాలు పదహారు డిగ్రీల లోపే. ముఖం ఎదురుగా దొరుకుతుంది. ఈ సంగతి ఇంటి నిఘా మొదలైన రోజుల్లోనే తెలుసు. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో నివసించిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు, భర్త ఆల్బర్ట్‌తో కలిసి 1966లో ఇంటి భద్రతా వ్యవస్థకు పేటెంటు కోరారు. 1969లో అది మంజూరైంది. తలుపులో వేర్వేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా, లోపలి గదిలో టీవీ. పొడుగువాళ్లయినా, పిల్లలయినా ముఖం కనిపించాలన్నదే ఆ రంధ్రాల ఉద్దేశం. వీధి తలుపు పక్కన ఐదడుగుల ఎత్తులో పెట్టే ఇప్పటి డోర్‌బెల్ కెమెరా ఆ ఆలోచనకు వారసురాలే. తలకు తువ్వాలు చుట్టుకున్నా, హెల్మెట్ పెట్టుకున్నా కింది నుంచి చూసే కెమెరాకు కొంతైనా చిక్కుతుంది.

ఆకారాల విషయంలో పెద్దగా తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. బయట గోడకు బుల్లెట్ గానీ, కనుగుడ్డులా తిరిగే టరెట్ గానీ సరిపోతుంది. డోమ్ కెమెరా పారదర్శక గిన్నె మీద దుమ్ము, వాన చినుకులు పడితే పరారుణ కాంతి లోపలే పరావర్తనం చెంది రాత్రి బొమ్మ పొగమంచులా అవుతుంది కాబట్టి దాన్ని వరండా పైకప్పు కిందికి పరిమితం చేయడం మంచిది. వాన తగిలేచోట ఐపీ66 లేదా ఐపీ67 గుర్తు ఉండాలి. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి స్క్రూలను, కనెక్టర్లను తినేస్తుంది. అక్కడ అతుకులన్నీ మూతబిగిసే ప్లాస్టిక్ పెట్టెలోనే ఉండాలి.

తీగలు, కరెంటు

కెమెరా నుంచి రికార్డర్‌కు దారులు మూడు. డీవీఆర్ రకం రికార్డర్‌తో పనిచేసే హెచ్‌డీ అనలాగ్ కెమెరాలకు ‘త్రీ ప్లస్ వన్’ అని పిలిచే తీగ వేస్తారు. చిత్రానికి ఒక కోయాక్సియల్, కరెంటుకు, శబ్దానికి మూడు సన్న తీగలు. ఎన్‌వీఆర్ రకం రికార్డర్‌తో పనిచేసే ఐపీ కెమెరాలకు క్యాట్6 తీగ ఒక్కటే చాలు. కరెంటు, చిత్రం రెండూ అందులోనే వెళతాయి. దీన్నే పీవోఈ అంటారు. మూడోది వైఫై.

త్రీ ప్లస్ వన్‌లో నాసిరకం తీగ వేస్తే వచ్చే జబ్బుకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. కెమెరా పగలంతా బాగుండి, చీకటి పడగానే ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. రాత్రి ఎల్‌ఈడీలు వెలిగేసరికి అది లాగే కరెంటు పెరిగి అర ఆంపియర్‌కు చేరిందనుకుంటే, 0.2 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 30 మీటర్ల దూరానికి రానూపోనూ నిరోధం ఐదు ఓమ్‌లు దాటుతుంది. 12 వోల్టుల్లో రెండున్నర దారిలోనే ఆవిరవుతాయి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అయితే నష్టం ఇంకా ఎక్కువ. చాలాసార్లు కెమెరాను నిందించి మార్చేస్తారు. మారాల్సింది తీగ. పీవోఈ 48 వోల్టుల దగ్గర కరెంటు పంపుతుంది కాబట్టి వంద మీటర్ల వరకు ఈ బెడద ఉండదు. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు గోడల్లో పైపులు వేసేటప్పుడే గేటుకు, సందు చివరకు, డాబాకు అసలైన రాగి క్యాట్6 లాగి ఉంచుకుంటే తర్వాత ఏ కెమెరా పెట్టినా పనికొస్తుంది.

వైఫై కెమెరా అద్దె ఇంటికి, లోపలి గదికి సౌకర్యమే. గోడలు బద్దలు కొట్టే పని లేదు. కాపలా అంతా దాని మీదే వదిలేయకూడదు. రౌటర్ ఆగినా, ఎవరైనా ఆ తరంగాలకు అడ్డుపడినా చూపు పోతుంది.

కరెంటు పోయిన వేళే దొంగతనానికి అనువు. నాలుగు పీవోఈ కెమెరాలు, ఎన్‌వీఆర్, రౌటర్, ఫైబర్ పెట్టె అన్నీ కలిపి 50 వాట్ల చుట్టుపక్కలే వాడతాయి. ఇంటి ఇన్వర్టర్ దీన్ని సునాయాసంగా మోస్తుంది. ఇన్వర్టర్‌కు మారే క్షణంలో రికార్డర్ ఆగి మళ్లీ మొదలవకుండా యూపీఎస్ మోడ్‌లో ఉంచాలి.

రికార్డర్, డిస్కు

నాలుగు కెమెరాలకు ఎనిమిది చానళ్ల రికార్డర్ కొనడం దుబారా కాదు. చానళ్ల సంఖ్యతో పాటు సెకనుకు మొత్తం ఎన్ని మెగాబిట్లు లోపలికి తీసుకోగలదో కూడా చూడాలి. ఎనిమిది చానళ్లున్నా అది చాలకపోతే కెమెరాల నాణ్యత తగ్గించుకోవాల్సి వస్తుంది. వేర్వేరు కంపెనీల కెమెరాలు కలిసి పనిచేయడానికి 2008లో పుట్టిన ఓఎన్‌వీఐఎఫ్ ప్రమాణం రెండు వైపులా ఉందో లేదో చూసుకోవాలి. దాని ద్వారా చిత్రం వస్తుంది గానీ, మనుషుల్ని విడిగా గుర్తుపట్టే తెలివి వంటివి వేరే కంపెనీ రికార్డర్‌కు అందకపోవచ్చు. ఆ తెలివి ఇంటికి చాలా ఉపయోగం. పిక్సెళ్ల మార్పును మాత్రమే పట్టే పాత పద్ధతి కొబ్బరాకు నీడకూ, బల్లికీ, కుక్కకూ ఒకేలా గంట కొడుతుంది. రోజుకు వంద తప్పుడు హెచ్చరికలు వచ్చే ఫోనును ఎవరూ చూడరు.

డిస్కు లెక్క తేలిక. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున రోజంతా రాస్తే 10.8 జీబీ అవుతుంది. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా హెచ్.264 కుదింపులో నాలుగు మెగాబిట్ల దాకా, హెచ్.265లో దాదాపు రెండు మెగాబిట్లు తీసుకుంటుంది. రెండు లెక్కన నాలుగు కెమెరాలకు రోజుకు 86 జీబీ. నెలకు దాదాపు 2.6 టీబీ. 2 టీబీ డిస్కు 23 రోజులకు నిండి, పాతదాని మీద కొత్తది రాయడం మొదలుపెడుతుంది. 4 టీబీ అయితే నెలన్నర వస్తుంది. 4 టీబీ డిస్కును రికార్డర్ 3.63 అని చూపిస్తే అది మోసం కాదు, లెక్కించే మూలం వేయి బదులు 1024 కావడమే.

ఎన్ని రోజులు ఉంచాలన్నదానికి ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రత చట్టం ఒక కొలత ఇస్తుంది. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి, 30 రోజుల ఫుటేజీ ఉంచాలని అందులో ఉంది. ఇళ్లకు అది వర్తించదు. అయినా సెలవులకు ఊరెళ్లి వచ్చాక గానీ దొంగతనం బయటపడని కుటుంబాలకు నెల రోజులు అవసరమే. అలా ఊరెళ్లేవాళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే సేవ నడిపారు. కోరినవాళ్ల తాళం వేసిన ఇంట్లో కదలికను పట్టే కెమెరాను పోలీసులే పెట్టి, కంట్రోల్ రూమ్ నుంచి కనిపెట్టి ఉండే ఏర్పాటు అది.

డిస్కు నిఘా పనికే తయారైనది కావాలి. కంప్యూటర్ డిస్కు రోజులో కొన్ని గంటలు, ఆగి ఆగి రాయడానికి చేసినది. రికార్డర్ దాని మీద రాత్రింబవళ్లు రాస్తూనే ఉంటుంది. ఇక రికార్డర్‌ను టీవీ కింద పెడితే దొంగ దాన్ని కూడా పట్టుకుపోతాడు. గాలి ఆడే అటక మీదో, తాళం వేసే బీరువా గదిలోనో ఉంచి, గేటు కెమెరాలో ఒక మెమరీ కార్డు కూడా వేస్తే రెండో సాక్ష్యం మిగులుతుంది.

లోపలి తలుపు

2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ ప్రపంచమంతటా లక్షల కెమెరాల్లో, రికార్డర్లలో, రౌటర్లలో చొరబడింది. అది వాడింది గొప్ప విద్య కాదు, కంపెనీలు పెట్టి పంపిన అరవైకి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల పట్టిక. ఆ అక్టోబరు 21న ఆ పరికరాల సైన్యం అమెరికాలో డైన్ అనే సంస్థ సర్వర్ల మీద పడి పెద్ద పెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి స్తంభింపజేసింది. భారత ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి అది అమలులోకి వచ్చింది. కొనేటప్పుడు ఆ ధ్రువీకరణ ఉన్న మోడల్ అడగడం, బిగించిన టెక్నీషియన్ పెట్టిన పాస్‌వర్డ్‌ను ఆ సాయంత్రమే మార్చడం, రౌటర్‌లో పోర్టులు తెరవకుండా ఉండడం, కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చినప్పుడు వేసుకోవడం యజమాని పనులు. ఎన్‌వీఆర్ వెనకే పీవోఈ పోర్టులుంటే కెమెరాలను వాటికే కలపాలి. అప్పుడు అవి ఇంటి నెట్‌వర్క్‌తో నేరుగా కలవవు.

పక్కింటివాళ్ల వరండా, ఎదురింటి కిటికీ చూపులో పడితే ఆ భాగాన్ని నల్లగా కప్పే ప్రైవసీ మాస్క్ సౌకర్యం దాదాపు ప్రతి రికార్డర్‌లో ఉంటుంది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. ఇంట్లో కూడా పడక గదులు, స్నానాల గదుల వైపు కెమెరా తిరగకూడదు.

ఫుటేజీ సాక్ష్యంగా నిలవాలంటే గడియారం సరిగా ఉండాలి. రికార్డర్‌ను ఇంటర్నెట్ సమయంతో జతచేసి, భారత ప్రామాణిక కాలానికి పెట్టాలి. కోర్టుకు వెళ్లే ఎలక్ట్రానిక్ రికార్డుకు 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఒక్క బిట్ మారినా మారిపోయే ముద్ర, రాయాలి. తెరను ఫోనుతో వీడియో తీసి వాట్సాప్‌లో పంపితే చిత్రం నాణ్యత పోతుంది, మూలంతో దానికి సంబంధమూ తెగిపోతుంది. దొంగతనం తెలిసిన రోజే సంబంధిత గంటల ఫుటేజీని రికార్డర్ నుంచి అసలు రూపంలో పెన్‌డ్రైవ్‌లోకి దింపి, డిస్కు చెరిపేయకముందే పోలీసులకు అప్పగించాలి.